ఎదుట ఎవరున్నారో చెప్పని ఆట

2019 మార్చిలో సూరత్, రాజ్‌కోట్ సహా గుజరాత్‌లోని కొన్ని నగరాల్లో పబ్‌జీ ఆడటం నేరమైంది. ఈ ఆట పిల్లల్లో, యువకుల్లో హింసా ప్రవృత్తిని పెంచుతోందని, చదువులు పాడవుతున్నాయని అప్పట్లో అధికారులు చెప్పారు. రాజ్‌కోట్‌లో ఫోన్లు పట్టుకుని ఆడుతున్న పదిమందిని పోలీసులు అరెస్టు చేసి బెయిలు మీద వదిలారు. ఆ తర్వాతి కథ తెలిసిందే. 2020 సెప్టెంబరు 2న కేంద్రం మొత్తం 118 యాప్‌లను నిషేధించినప్పుడు అందులో పబ్‌జీ కూడా పోయింది. 2021 జులైలో బీజీఎంఐ అన్న కొత్త పేరుతో వచ్చింది, 2022 జులైలో మళ్ళీ మాయమైంది, 2023 మేలో మళ్ళీ ప్రత్యక్షమైంది. ఈసారి పద్దెనిమిదేళ్ళ లోపు వారికి రోజుకు మూడు గంటలు, పెద్దలకు ఆరు గంటల పరిమితి పెట్టారు.

ఇన్ని మలుపుల్లోనూ చర్చ రెండు విషయాల చుట్టూనే తిరిగింది: తెర మీద తుపాకులు ఉన్నాయా, ఎన్ని గంటలు ఆడుతున్నారు. ఆట లోపల ఏం జరుగుతోందో ఎవరూ పట్టించుకోలేదు. ఆడేవాడిని ఎవరితో తలపడేలా చేస్తున్నారు, ఎంత వేగంతో నడిపిస్తున్నారు, ఎన్నిసార్లు ఓడనిస్తున్నారు? కోపానికి, ‘ఇంకొక్క ఆట’ అన్న పట్టుదలకు అసలు మూలం అక్కడే ఉంది.

సూరత్‌లో ఈ ప్రశ్నకు ఒక ప్రత్యేకత ఉంది. లింబాయత్, ఉధనా ప్రాంతాల పవర్‌లూమ్‌లను నమ్ముకుని తెలంగాణ నుంచి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా అక్కడ స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. మరమగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు మామూలే. పగలొకరు, రాత్రొకరు. షిఫ్టు దిగాక మిగిలే కాస్త సమయంలో చేతికి అందే చవకైన వినోదం ఫోను. ఒక్క ఆట దాదాపు అరగంట. అలసిన చేతులతో, తెల్లవారుజామున, పంచుకున్న గదిలో ఆడే ఆట అది. కంప్యూటర్ అతనికి ప్రత్యర్థులను వెతకడం మొదలుపెట్టేది ఆ సమయంలోనే.

ఈ వెతుకులాటకు పునాది వేసింది చదరంగం. హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన అర్పాద్ ఎలో ఆటగాళ్ళ బలాన్ని ఒక అంకెతో కొలిచే పద్ధతిని రూపొందించారు. అమెరికా చదరంగ సమాఖ్య 1960లో, ఫిడే 1970లో దాన్ని స్వీకరించాయి. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే బలమైనవారు సగటున నూటికి 76 వంతుల పాయింట్లు సాధిస్తారని అది అంచనా వేస్తుంది. కోనేరు హంపి రేటింగు మీద పత్రికల్లో చర్చ జరిగేది ఈ అంకె గురించే. జట్లుగా ఆడే వీడియో గేమ్‌లకు ఇది సరిపోదు కాబట్టి మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ‘ట్రూస్కిల్’ తయారు చేశారు. అందులో ప్రతి ఆటగాడికి రెండు అంకెలుంటాయి: నైపుణ్యం ఎంత, ఆ అంచనా ఎంత అనిశ్చితం. కొత్తవాడి విషయంలో అనిశ్చితి ఎక్కువ. ఆడేకొద్దీ అది తగ్గుతుంది.

కాగితం మీద ఇది న్యాయమైన ఏర్పాటే. సమాన బలం ఉన్నవారిని ఎదురెదురుగా నిలబెడితే గెలుపు సగం, ఓటమి సగం. కానీ ‘సగం’ అంటే మనసు ఊహించుకునేది ఒకటి, లెక్క చెప్పేది మరొకటి. నాణెం ఎగరేసినంత సమంగా జరిగే 20 ఆటల్లో వరసగా నాలుగు ఓటములు కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు 48 శాతం. ఎవరూ మోసం చేయకపోయినా ఇద్దరిలో ఒకరికి ఈ అనుభవం తప్పదు. నాలుగోసారి ఓడినవాడు మాత్రం ఆట తనమీద పగబట్టిందనే అనుకుంటాడు. వంద మంది దిగి ఒక్కరే మిగిలే పబ్‌జీలో లెక్క ఇంకా కఠినం. అందరూ సమానులే అయితే ఒక్కడుగా దిగినవాడికి గెలుపు అవకాశం నూటికి ఒకటి. అలా వంద ఆటలు ఆడినా ఒక్కసారి కూడా గెలవని వారు నూటికి 37 మంది దాకా ఉంటారు. కొత్తవారి ఆటల్లో మనుషుల బదులు బాట్‌లను, అంటే కంప్యూటరే నడిపే బొమ్మ ఆటగాళ్ళను, నింపడం ఎందుకు మొదలైందో దీన్నిబట్టి అర్థమవుతుంది. మొదటి రోజుల్లో సులువుగా గెలిచిన కుర్రాడు తన చేతివాటం గొప్పదనుకుంటాడు. మెట్టు ఎక్కేకొద్దీ మనుషులు పెరుగుతారు, విజయాలు తగ్గుతాయి. తానే పాడైపోయానని అనుకుంటాడు తప్ప, ఎదుటివారు మారారని అతనికి ఎవరూ చెప్పరు.

నైపుణ్యం ఒక్కటే చూసి జతకట్టడం కూడా కుదరదు. దూరం అడ్డొస్తుంది. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. సూరత్‌కు దాదాపు నాలుగు వేల కిలోమీటర్ల దూరంలోని సింగపూర్‌లో సర్వర్ ఉంటే, సంకేతం వెళ్ళి రావడానికే కనీసం 40 మిల్లీసెకన్లు పడుతుంది. ముంబయిలో ఉంటే రెండు మూడు చాలు. దానిమీద మొబైల్ నెట్‌వర్క్ ఆలస్యం అదనం. ఇక సమయం. రాత్రి తొమ్మిదికి లక్షల మంది ఆన్‌లైన్‌లో ఉంటే సమఉజ్జీలు క్షణాల్లో దొరుకుతారు. రాత్రి షిఫ్టు మధ్యలో నాలుగింటికి ఫోను తీసినవాడికి దొరికేవారు తక్కువ. అప్పుడు వ్యవస్థకు మూడే దారులు: ఎక్కువసేపు నిరీక్షింపజేయడం, దూరపు సర్వర్‌కు పంపడం, తన స్థాయికి మించినవారి మధ్య పడేయడం. ఏది ఎంచుకున్నా అన్యాయం జరిగేది షిఫ్టు కూలీకే. పెద్ద పట్టణపు విద్యార్థితో పోలిస్తే అతనికి ఆట నిజంగానే కాస్త వేరుగా ఉంటుంది, ఇద్దరి ఫోన్లలో ఉన్నది ఒకే యాప్ అయినా.

ఇంతవరకూ గణితం, భౌతికశాస్త్రం. వ్యాపారం ఇక్కడి నుంచి మొదలవుతుంది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ పరిశోధకులు 2017లో ఒక పత్రం ప్రచురించారు. సమానులను జతచేయడమే ఉత్తమం అన్న నమ్మకాన్ని అది ప్రశ్నించింది. ఇటీవలి గెలుపోటముల వరసను బట్టి ఆటగాడు యాప్ వదిలేసే అవకాశం మారుతుంది కాబట్టి, ఎక్కువ మంది నిలిచేలా జతలు కట్టవచ్చని వాదించింది. లక్ష్యం న్యాయం నుంచి నిలుపుదలకు జరిగిపోయింది. అదే ఏడాది యాక్టివిజన్‌కు ఒక పేటెంట్ వచ్చింది. కొత్త ఆటగాడిని, అతను ఆశపడే ఆయుధం కొనుక్కున్న నిపుణుడితో కలిపి ఆడిస్తే కొనాలన్న కోరిక పుట్టించవచ్చన్నది అందులోని ఊహ. ఆ పద్ధతిని తమ ఆటల్లో వాడలేదని కంపెనీ చెప్పింది. ఆ మాట కాదనడానికి ఆధారమేదీ లేదు. అయితే ఆలోచన ఉంది, సాధనం ఉంది, చూసేవారు లేరు.

కంపెనీల వాదనలోనూ పస ఉంది. 2024లో యాక్టివిజనే కాల్ ఆఫ్ డ్యూటీలో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు బయటపెట్టింది. జతకట్టేటప్పుడు నైపుణ్యానికి ప్రాధాన్యం తగ్గిస్తే పదిమందిలో తొమ్మిదిమంది తిరిగి రావడం తగ్గిందని, పై పది శాతం నిపుణులు మాత్రమే సంతోషించారని అందులో తేలింది. ‘నైపుణ్యాన్ని బట్టి జతకట్టడం మానేయండి’ అని గట్టిగా అరిచేవారు సాధారణంగా ఆ పై పది శాతంలోనివారే. బలహీనులకు రక్షణగా ఉన్న కంచె బలవంతులకు సంకెలలా కనిపించడం ఆటలకే పరిమితమైన సంగతి కాదనుకోండి.

మరి కోపం సంగతి? సూరత్ ఉత్తర్వుల నాటికి ఐదేళ్ళ ముందే, 2014లో, ఆండ్రూ షిబిల్‌స్కీ, రిచర్డ్ రయాన్, వారి సహచరులు ఇదే విషయం మీద వరస ప్రయోగాలు ప్రచురించారు. హింస ఉన్న ఆటను, అదే ఆటకు హింస తీసేసిన రూపాన్ని ఆడించి చూశారు. నియంత్రణలు చేతికి అలవాటు కాకుండా చేసి, ఎలా ఆడాలో నేర్పకుండా వదిలేసి చూశారు. ఆడినవారిలో దూకుడు భావాలను పెంచింది తెర మీది రక్తం కన్నా, ‘నాకు చేతకావడం లేదు’ అన్న అనుభవమే. తుపాకీ లేని ఆట కూడా చేతకానితనాన్ని రుచి చూపిస్తే కోపం తెప్పిస్తుంది. మగ్గం మీద దారం పదే పదే తెగితే నేతగాడికి వచ్చే విసుగును చూసినవారికి ఇది వింతగా అనిపించదు.

ఆట నడకను మలచడమూ ఒక విద్యే. 2008లో వాల్వ్ తెచ్చిన ‘లెఫ్ట్ ఫోర్ డెడ్’లో దర్శకుడు అనే ప్రోగ్రాం ఆటగాళ్ళ మీద ఎంత ఒత్తిడి పడుతోందో అంచనా వేస్తూ, ఉద్రిక్తత పతాకానికి చేరాక శత్రువుల రాకను తగ్గించేది. ఊపిరి తీసుకోనిచ్చి మళ్ళీ పెంచేది. పబ్‌జీలో ఆ పని కుంచించుకుపోయే వలయానిది. ఎనిమిది కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మైదానంలో వందమంది దిగితే ఒక్కొక్కరికి దాదాపు 64 హెక్టార్లు. వలయం లేకపోతే ఒకరికొకరు ఎదురుపడరు కూడా. అది దగ్గరయ్యేకొద్దీ గుండె వేగం పెరుగుతుంది. ఇందులో తప్పు లేదు, మంచి కబడ్డీ ఆటకూ ఇదే లయ ఉంటుంది. తేడా ముగింపులో ఉంది. కబడ్డీ అయిపోయాక ఇళ్ళకు పోతారు. ఇక్కడ ఓడిన క్షణంలోనే, కోపం ఇంకా చల్లారకముందే, మరో ఆట మీట సిద్ధంగా ఉంటుంది.

గంటల పరిమితి దీనికి మందు అవుతుందా? చైనా 2019లో పిల్లల ఆట సమయం మీద విధించిన ఆంక్షల ప్రభావాన్ని సుమారు 700 కోట్ల గంటల ఆట సమాచారంతో పరీక్షించిన అధ్యయనం 2023లో నేచర్ హ్యూమన్ బిహేవియర్‌లో వచ్చింది. అతిగా ఆడటం తగ్గిందనడానికి ఆధారం దొరకలేదని అది తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11లో చేర్చిన గేమింగ్ రుగ్మత నిర్వచనం కూడా గంటలను లెక్కపెట్టదు. ఆట మీద అదుపు పోయిందా, మిగతా జీవితం వెనక్కి పోయిందా, అది సాధారణంగా పన్నెండు నెలలుగా సాగుతోందా అని చూస్తుంది.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌కు గుర్తింపునిచ్చింది. పర్యవేక్షణకు ఒక ప్రాధికార సంస్థనూ ప్రతిపాదించింది. పందెపు ఆటల మీద కఠినంగా ఉండటం అవసరమే. అయితే పందెం లేని ఆటలో జతలు ఎలా కడుతున్నారన్నది ఆ చట్టం దృష్టికి రాలేదు. ఆ సంస్థ కంపెనీలను సూత్రాలు బయటపెట్టమని అడగనక్కర్లేదు. అలా అడిగితే లోపాలు కనిపెట్టి వ్యవస్థను ఏమార్చేవారు పుట్టుకొస్తారన్న అభ్యంతరంలో నిజముంది. కావాల్సింది అంతకన్నా చిన్నది: ఈ ఆటలో బాట్‌లు ఎందరు, ప్రత్యర్థుల సగటు స్థాయి ఎంత, కొనుగోళ్ళ చరిత్రను జతకట్టడానికి వాడారా లేదా. చైనా 2017 నుంచి, యాపిల్ అదే ఏడాది చివరి నుంచి, డబ్బు పెట్టి తెరిచే అదృష్టపు పెట్టెల్లో ఏ వస్తువు వచ్చే అవకాశం ఎంతో ముందే చెప్పాలని నిబంధన పెట్టాయి. ఆ అంకెలు చూపినందుకు ఆటలేమీ మూతపడలేదు. ఆట ముగిసిన తెర మీద ఎన్ని గుళ్ళు పేలాయో, ఎన్ని మీటర్లు నడిచారో ఇప్పటికే చూపిస్తున్నారు. వాటి కింద మరో మూడు వరుసలకు చోటుంది.