హెడ్డు కొత్తదే.. మరి ఆయిల్ ఎక్కణ్నుంచి?

ఈ వారం ప్రశ్న ఒక డెలివరీ కుర్రాడిది. బండి స్ప్లెండర్. నీలిపొగ వస్తోందని సిలిండర్ హెడ్డు కొత్తది వేయించాడు, దాంతోపాటే బోరు, పిస్టన్ కూడా. పొగ పోయింది. కానీ నాలుగో రోజు నుంచి ఇంజిన్ కింద ఆయిల్ చుక్కలు! మెకానిక్‌ని అడిగితే ‘హెడ్ గ్యాస్కెట్ పోయినట్టుంది, మళ్లీ విప్పాలి, లేబర్ అవుతుంది’ అన్నాడట. బండి రెండు రోజులు షెడ్డులో ఉంటే రెండు రోజుల సంపాదన పోయినట్టే. విప్పించాలా, వద్దా అని అడుగుతున్నాడు.

ఇప్పుడే వద్దు. ఆయిల్ కనిపించే చోటు వేరు, పుట్టే చోటు వేరు. బండి నడుస్తున్నప్పుడు గాలి దాన్ని వెనక్కి తోస్తుంది, బరువు కిందికి లాగుతుంది. అందుకే ఎక్కడో పైన, ముందు భాగంలో లీకైన ఆయిల్ చివరికి డ్రెయిన్ బోల్టు దగ్గర చుక్కై వేలాడుతుంది. చుక్క పడే చోటు చూసి రోగం చెప్పేస్తే సగంసార్లు తప్పే అవుతుంది.

ఇంకో సంగతి. హెడ్డు బిగించేటప్పుడు పార్టులకు ఆయిల్ రాస్తారు, కొంత పోస్తారు. అది ఫిన్నుల మధ్య నిలిచిపోయి, ఇంజిన్ వేడెక్కినప్పుడల్లా కరిగి కారుతుంటుంది. లీకే లేకుండా లీకులా కనిపించే ఆయిల్ ఇది. చైనుకు కొట్టిన లూబ్ చిమ్మి పడ్డా అలాగే ఉంటుంది.

కాబట్టి మొదటి పని శుభ్రం చేయడం. ఇంజిన్ పూర్తిగా చల్లారాక డీగ్రీజరో, డీజిలో బ్రష్షుతో పట్టించి, సబ్బు నీళ్లతో కడిగి, గుడ్డతో పొడిగా తుడవండి. పెట్రోల్‌తో కడగొద్దు. వేడి సైలెన్సర్ పక్కన అదేం ఆట కాదు. ఫిన్నుల సందుల్లో కూడా తడి లేకుండా ఆరాక, ఇంట్లో మొహానికి రాసుకునే పౌడర్ డబ్బా తెచ్చి హెడ్డు చుట్టూ, బోరు కలిసే అంచుల మీద పల్చగా చల్లండి. నవ్వొచ్చినా సరే, చల్లండి. ఆయిల్ తగిలిన చోట తెల్ల పౌడర్ మీద ముదురు మచ్చ పడుతుంది. కార్ల షెడ్డుల్లో ఆయిల్లో రంగు కలిపి, యూవీ లైటు వేసి వెతుకుతారు. వంద సీసీ బండికి పౌడరే చాలు.

మెయిన్ స్టాండు వేసి అయిదు నిమిషాలు స్టార్ట్‌లో ఉంచండి. ఫోన్ టార్చ్ వేసి ఎడమవైపు నుంచి, కుడివైపు నుంచి, కింద నుంచి ఫొటోలు తీయండి. తర్వాత రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా నడిపి, అవే కోణాల్లో మళ్లీ తీయండి. మచ్చల్లో అన్నిటికన్నా పైన, ముందు ఏది ఉందో అదే మీ దొంగ. దాని కిందివన్నీ కారిన బాపతే.

ఇక అనుమానితులు ఎవరంటే..

స్ప్లెండర్ ఇంజిన్ దాదాపు పడుకుని ఉంటుంది కదా. దాని హెడ్డుకి రెండు ట్యాపెట్ మూతలు, ఒకటి పైన, ఒకటి కింద. కింది మూత రోడ్డు వైపే చూస్తుంది కాబట్టి దాని మీద ఎప్పుడూ ఆయిల్ నిలిచే ఉంటుంది. లోపలి రబ్బరు ఓ-రింగు పాతదే వేసినా, గట్టిపడి ఉన్నా, నలిగినా అక్కణ్నుంచే చుక్క. నేనైతే ముందు దాన్నే అనుమానిస్తాను. తర్వాత ఎడమవైపు టైమింగ్ చైన్ దగ్గరి గుండ్రటి కవర్. హెడ్డు విప్పాలంటే దాన్ని తీయాల్సిందే. తీసినప్పుడు గ్యాస్కెట్ చిరిగినా, పాత గ్యాస్కెట్ పెచ్చు అంచుకి అతుక్కుని ఉన్నా అది సరిగ్గా కూర్చోదు.

మూడోది చాలామంది పట్టించుకోనిది. ఈ తరహా ఇంజిన్లలో ఆయిల్ ఒక స్టడ్డు పక్కనుంచే పైకి ఎక్కుతుంది. ఆ నట్టు కింద స్టీలు వాషర్ కాకుండా కాపర్ వాషర్ పడాలి. మెత్తటి లోహం కాబట్టి నొక్కుకుని సీల్ అవుతుంది. వాషర్లు తారుమారైతే మరల గుండా ఆయిల్ మెల్లగా పైకి పాకి, నట్టు చుట్టూ తడి చేస్తుంది. చూసేవాళ్లకి హెడ్ గ్యాస్కెట్ లీకులాగే ఉంటుంది. సరిచేయడానికి పట్టేది మాత్రం ఒక్క వాషర్.

ఇవేవీ కాకపోతే ఆయిల్ లెవెల్ చూడండి. ఇలాంటి బండికి పట్టేది సుమారు లీటరు, అందులోనూ డ్రెయిన్ చేశాక లోపల కొంత మిగులుతుంది. ‘కొత్త ఇంజిన్ కదా’ అని ఇంకాస్త పోసేవాళ్లున్నారు. బండి నిటారుగా పెట్టి, రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. పై గీత దాటితే ఎక్కువైనట్టే. బ్రీదర్ పైపు కూడా తడిమి చూడండి. తిరిగి బిగించేటప్పుడు అది మడతపడితే లోపలి గాలికి దారి ఉండదు, ఆ ఒత్తిడికి ఆయిల్ బలహీనమైన సీలు ఏది దొరికితే అందులోంచి తోసుకొస్తుంది. అప్పుడు ఏ గ్యాస్కెట్ మార్చినా లీకు ఇంకో చోటికి మారుతుందంతే.

మరి నిజంగానే హెడ్ గ్యాస్కెట్ అయితే? మచ్చ సరిగ్గా హెడ్డు, బోరు కలిసే గీత మీదే మొదలవుతుంది, ముఖ్యంగా చైన్ ఉన్న వైపు. ఆ గీత మీద సబ్బు నీళ్లు రాసి కిక్ కొట్టినప్పుడు బుడగలు వస్తే కంప్రెషన్ కూడా పోతోందన్నమాట. అప్పుడు విప్పాల్సిందే. కొత్త హెడ్డైనా సరే, స్టీలు స్కేలు నిటారుగా ఆనించి ఫీలర్ గేజ్‌తో లెవెల్ చూడమనండి. వెంట్రుక మందం తేడా ఉన్నా గ్యాస్కెట్ నిలబడదు. ఒకసారి నొక్కుకున్న గ్యాస్కెట్ మళ్లీ వాడకూడదు. నట్లు చల్లని ఇంజిన్ మీద, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచితో బిగించాలి. లీకవుతోంది కదా అని ‘ఇంకో పట్టు’ పట్టడం వల్ల అల్యూమినియం మరలు ఊడి, పదుల రూపాయల పని వేలల్లోకి పోతుంది. బయట నుంచి సిలికాన్ గమ్ పూయడమైతే అసలే వద్దు. లోపలికి పిండుకున్న ముక్క ఊడి ఆయిల్ దారికి అడ్డం పడితే కొత్త హెడ్డు ఎండిపోతుంది.

మెకానిక్ దగ్గరికి వెళ్లేటప్పుడు గొడవతో కాకుండా ఫొటోలతో వెళ్లండి. ‘అన్నా, కడిగి పౌడర్ చల్లాను, మొదట ఇక్కడ తడిసింది, చూడు’ అనండి. టైముతో సహా ఫొటో కళ్ల ముందుంటే ‘గ్యాస్కెట్ అయ్యుంటుంది’ అనే మాట రాదు. తప్పు బిగింపుదైతే లేబర్ అడగడం అతనికీ ఇబ్బందే. మంచి పనివాడైతే అక్కడే ఓ-రింగు మార్చి పంపిస్తాడు.

ఈలోపు బండి నడపొచ్చా? తడి మాత్రమే ఉండి, డిప్‌స్టిక్ మీద లెవెల్ రెండు గీతల మధ్య ఉంటే నడపొచ్చు, కానీ రోజూ పొద్దున్నే లెవెల్ చూడాలి. ఆయిల్ వెనక టైరు మీదకో, బ్రేకు దగ్గరికో చేరుతుంటే మాత్రం ఆపేయండి. మలుపులో జారితే పోయేది రెండు రోజుల సంపాదన కాదు. లెవెల్ కింది గీత దాటినా అంతే. ఈ బండిలో ఆయిల్ తగ్గిందని చెప్పే లైటేమీ లేదు. నేరుగా పిస్టన్ పట్టేశాకే తెలుస్తుంది.