మామ్మ వయసెంత?

మా మామ్మ పోయాక ఫొటో కింద రాయించడానికి పుట్టిన సంవత్సరం కావాల్సొచ్చింది. ఆధార్ కార్డులో జనవరి 1 అని ఉంది. అది ఎవరో అంచనాగా వేసింది. అరకు కొండల్లో ఆ తరం వాళ్లకి పుట్టినరోజులెక్కడివి!

మామ్మ లెక్క వేరు. 1960ల్లో కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం కోసం కొండలు తొలుస్తున్నప్పుడు, మా చిన్నత్తని వీపున కట్టుకుని మట్టి మోసిందట. అప్పటికే మా నాన్న మేకలు కాసేవాడట. ఆ లైనులో 58 సొరంగాలు. రైల్లో చీకటి కమ్మగానే నా చెయ్యి పట్టుకుని ‘ఇది నాదే’ అనేది. ఏ సొరంగం వచ్చినా అదే మాట!

పొద్దున్నే చోడంబలి తాగి, మొన్న మొన్నటి చలికాలం దాకా కాఫీ పళ్లు కోసింది. తొంభై దాటే ఉంటాయి.

ఫొటో కింద పేరొక్కటే రాయించాం. చిన్నత్త మాత్రం ఓ రైలు బొమ్మ వేయించమంటోంది.