తెగిన తీగకు బాధ్యులెవరు?



వర్షాకాలము వచ్చినదనిన మనము వడియములు, వంటచెరకు లోపలికి చేర్చుకొందుము. బడికి పోవు పిల్లల చేతికి గొడుగు నిత్తుము. వీధిలో వ్రేలాడు కరెంటు తీగను గూర్చి తలచువారు మాత్రము తక్కువ. ఆ తీగ తెగిపడి యింటి యజమాని మరణించినచో, పరామర్శకు వచ్చినవారు “నుదుటి వ్రాత” యని చెప్పి పోవుదురు. ఆ యోదార్పును మేము కాదనము. కాని ఆ యిల్లాలికి చట్టమును అండగా నున్నదని తెలుపుటకే ఈ మాసము ఈ విషయమును గైకొంటిమి.

1997వ సంవత్సరము ఆగస్టు 23వ తేది రాత్రి మధ్యప్రదేశమున 37 ఏండ్ల కార్మికు డొకడు కర్మాగారము నుండి సైకిలుపై ఇంటికి మరలుచుండెను. వాన కురిసి బాట కొంత నీట మునిగియుండెను. ఆ నీటిలో పడియున్న తీగ నతడు గమనింపలేదు. సైకిలు దానిపై కెక్కగనే విద్యుద్ఘాతమున కూలి, కొలది నిమిషములలో ప్రాణములు విడిచెను.

అతని భార్యాబిడ్డలు పరిహారము కోరగా, విద్యుత్ బోర్డువా రేమనిరి? “ఎవడో మా తీగకు కొక్కెము తగిలించి కరెంటు దొంగిలించుచుండెను. ఆ తీగయే జారిపడినది. అది మే మెరుగము” అనిరి. 2002వ సంవత్సరము జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చెను. అపాయకరమైన శక్తిని జనుల నడుమ నడపువారే దానివలన గలుగు హానికి ముందుగా బాధ్యులు. వారి అజాగ్రత్తను బాధితులు రుజువు చేయనక్కరలేదు. తీగ తెగి బాటపై పడినచో ప్రవాహము దానంతట నదియే ఆగిపోవలెను అని తీర్పు చెప్పెను. హైకోర్టు నిర్ణయించిన 4 లక్షల 34 వేల రూపాయల పరిహారము నిలిచినది.

ఈ న్యాయము క్రొత్తది కాదు. ఒకడు తన భూమిలో చెరువు కట్టించగా నీరు ప్రక్కవాని గనిలోనికి పొరలినది. చెరువు కట్టించినవాడే నష్టము నిచ్చుకొనవలెనని 1868లో ఇంగ్లండున తీర్పు వెలువడెను. నీటికి చెప్పిన మాటయే విద్యుత్తునకును చెల్లినది.

అయితే హద్దులును కలవు. మీటరు దాటిన పిదప ఇంటిలోపలి తీగల మంచిచెడ్డలు ఇంటివారివే. తానే కొక్కెము తగిలించి గాయపడినవానికి ఈ న్యాయము అండగా నిలువదు.

ప్రమాదము జరిగినచో నేమి చేయవలెను? తీగ పడినచోటికి పోరాదు, ఎవరినీ పోనీయరాదు. 1912 సంఖ్యకు వెంటనే ఫోను చేయవలెను. ప్రాణహాని జరిగినచో, దుఃఖములో నుండియు, పోలీసు ఫిర్యాదును, పంచనామాను, శవపరీక్షను మానరాదు. తీగయు స్తంభమును మరమ్మతు కాకమునుపే ఛాయాచిత్రము తీయించవలెను. దయతో నిచ్చు సొమ్ము వేరు, హక్కుగా రావలసినది వేరు; “ఇక నేమియు రావలసినది లేదు” అను కాగితముపై న్యాయవాది నడుగక చేవ్రాలు చేయవలదు. మరణమునకు పరిహారము కోరు దావా, 1855వ సంవత్సరపు చట్టము క్రింద, రెండేండ్లలోపల వేయవలెను. వకీలునకు సొమ్ము లేదని వెనుదీయ నక్కరలేదు. 1987వ సంవత్సరపు న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, వారి ఆదాయ మెంతయైనను, ఉచిత న్యాయసహాయము లభించును.

ఇవన్నియు ఆపద వచ్చిన పిదప చేయదగినవి. ఆపద రాకుండ చేయదగిన దొకటి కలదు. నేటి సాయంకాలము మీ వీధివంక నొకసారి చూడుడు. ఒరిగిన స్తంభముగాని, చేతికందు తీగగాని, కంచె లేని ట్రాన్స్‌ఫార్మరుగాని కనబడినచో, ఇరుగుపొరుగు స్త్రీలందరు చేవ్రాళ్లు చేసి విద్యుత్ కార్యాలయమున ఫిర్యాదిచ్చి, అందినట్లు ముద్ర వేయించుకొని, నకలు పెట్టెలో దాచుకొనుడు. ఆ కాగితమువలన మరమ్మతు జరిగినచో ఒక ప్రాణము నిలుచును. జరుగనిచో, “మే మెరుగము” అను మాట మరల నెవరును పలుకజాలరు.