కాంటాక్ట్ లెన్సు సోకు కాదండీ

మన ఇన్సూరెన్సు పాలసీల్లో ఒక లాజిక్కు నాకెప్పటికీ అర్థం కాదు. కెరటోకోనస్ ముదిరి కార్నియా మార్పిడి దాకా వెళితే ఆపరేషన్ ఖర్చు ఇస్తారు. చాలామందికి ఆ ఆపరేషన్ అవసరం రాకుండానే చూపునిచ్చే లెన్సులకి మాత్రం, "కళ్ళజోళ్ళు, కాంటాక్ట్ లెన్సులు వర్తించవు" అని చాలా పాలసీల్లో ఒక్క లైనుతో సరిపెట్టేస్తారు. ఇంకా తమాషా ఏంటంటే, కార్నియా మార్చాక కూడా మంచి చూపు కోసం ఎంతోమంది మళ్ళీ ఈ గట్టి లెన్సులే పెట్టుకోవాల్సి వస్తుంది!

తెలియని వాళ్ళకోసం రెండు ముక్కలు. నల్లగుడ్డు మీద గాజుబిళ్ళలా ఉండే కార్నియా పల్చబడి, కోన్ ఆకారంలో ముందుకి పొడుచుకొస్తుంది. సాధారణంగా టీనేజిలో మొదలవుతుంది. ఎలర్జీతో అదేపనిగా కళ్ళు నలుపుకునే వాళ్ళకి ముప్పు ఎక్కువ. మామూలు సైటైతే అద్దాలు చాలు. ఇక్కడ కార్నియా ఎగుడుదిగుడు కాబట్టి, జబ్బు పెరిగాక ఎంత సిలిండర్ పవర్ ఇచ్చినా అక్షరాల చుట్టూ నీడలు పోవు. నాకైతే రాత్రి ఎదురొచ్చే బైకు లైటు తోకచుక్కలా కనిపించేది.

మరి లెన్సు ఏం చేస్తుంది? మామూలు మెత్తటి లెన్సు కార్నియా వంకరనే తనూ తెచ్చుకుంటుంది, పెద్ద లాభం లేదు. గట్టి లెన్సు అలా వంగదు. దానికీ కార్నియాకీ మధ్య ఖాళీలో కన్నీళ్ళు నిండుతాయి. కార్నియా రిఫ్రాక్టివ్ ఇండెక్స్ 1.376, కన్నీటిది 1.336, గాలిది 1. అంటే కార్నియా ముందు గాలి ఉంటే తేడా 0.376, కన్నీళ్ళుంటే 0.04. ముందువైపు వంకరల ప్రభావం పదోవంతుకి పడిపోయిందన్నమాట! పాత కోడు ముట్టుకోకుండా పైన ఒక రేపర్ రాసి పని జరిపించడం మనకేం కొత్తా? :) వెనకవైపు వంకర అలాగే ఉంటుంది, అందుకే అందరికీ పూర్తి చూపు రాదు.

నేను వాడేది స్క్లీరల్ లెన్సు. పెద్దది, కార్నియాని తాకకుండా తెల్లగుడ్డు మీద కూర్చుంటుంది. సెలైన్ నింపి పెట్టుకోవాలి (పొరపాటున కూడా కుళాయి నీళ్ళు వద్దు, వాటిలో ఉండే అకాంతమీబాతో కన్నే పోవచ్చు). రెండు కళ్ళకీ కలిపి నా ఒక నెల ఇంటద్దె కంటే చాలా ఎక్కువైంది. క్లెయిము పెడితే వచ్చిన జవాబు ఒకే మాట.. "కాస్మెటిక్".

కాస్మెటిక్కా? 1888లోనే పారిస్‌లో యూజీన్ కాల్ట్ అనే డాక్టరు కెరటోకోనస్ ఉన్నవాళ్ళకి గాజు చిప్పలు పెట్టి చూశాడు. అంటే కాంటాక్ట్ లెన్సు పుట్టిన కొత్తలోనే ఈ జబ్బుకి వాడారు, రంగు లెన్సుల సోకులు ఆ తర్వాతెప్పుడో వచ్చాయి. మన హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ప్రోస్ అనే స్క్లీరల్ పరికరం అమర్చుతారు, బోస్టన్‌లో తయారైన పద్ధతి అది. ఆ పేరులో మొదటి మాటే ప్రొస్థెటిక్. కృత్రిమ కాలు పెట్టుకున్నవాణ్ణి ఎవరైనా సోకు చేస్తున్నాడంటారా?

ఇంట్లో వాళ్ళదీ ఇంచుమించు ఇదే ధోరణి. "సంబంధాలు చూస్తున్నాం, లెన్సుల మాట ఎత్తకురా" అని మా అత్తయ్య సలహా. ఇందులో దాచాల్సిందేముందో నాకైతే తెలీదు.

ఒక్క విషయం మాత్రం కలగాపులగం చెయ్యొద్దు. లెన్సు చూపునిస్తుంది, జబ్బుని ఆపదు. పెరుగుతున్న జబ్బుని ఆపడానికి చేసేది క్రాస్ లింకింగ్, అంటే రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి అల్ట్రావయొలెట్ కాంతి పెట్టడం. జర్మనీలో డ్రెస్డెన్ డాక్టర్లు 2003లో దాని ఫలితాలు ప్రచురించారు, అమెరికా ఎఫ్‌డీఏ 2016లో అనుమతిచ్చింది. పోయిన చూపుని అది పూర్తిగా వెనక్కి తేదు, కాబట్టి ఎంత తొందరగా తెలిస్తే అంత మంచిది. మీకో మీ తమ్ముడికో ప్రతి ఆరునెలలకీ సిలిండర్ మారిపోతుంటే, డాక్టర్ని అడిగి కార్నియల్ టోపోగ్రఫీ చేయించండి. కొత్త ఫ్రేము తర్వాత కొనుక్కోవచ్చు.