ఇంటికొక లాప్‌టాప్ – కొనే ముందు చూడవలసినవి

పిల్లలు కళాశాలలో చేరే రోజులు వచ్చాయంటే మన ఇండ్లలో లాప్‌టాప్ మాట లేస్తుంది. నలభై, యాభై వేల రూపాయలు ఒక్కసారిగా చేతినుండి పోయే వ్యవహారము గనుక ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించవలసిన కొనుగోలే ఇది. కాని జరిగేది వేరు. బెంగుళూరు ఎస్.పి. రోడ్డులోనో, చెన్నై రిచీ వీథిలోనో, ముంబయి లామింగ్టన్ రోడ్డులోనో అడుగు పెట్టగానే పది దుకాణాలవారు పది పేర్లు చెప్తారు. పేరు గొప్పగా వినిపించిన పెట్టె ఇంటికి వస్తుంది. మన పెద్దలు సంతలో ఎద్దును కొనేటప్పుడు కొమ్ముల రంగు చూచి డబ్బు ఇవ్వలేదు. పండ్లు పట్టి చూచి, నాలుగడుగులు నడిపించి మరీ కొన్నారు. ఆ పద్ధతే ఇక్కడా పనికివస్తుంది.

మొదట చూడవలసినది యంత్రమును కాదు, మన పనిని. పాఠములు వినడము, వ్యాసములు వ్రాయడము, దుకాణము లెక్కలు, దూరదేశములో ఉన్న మనుమలతో ముఖాముఖి మాటలు – ఇవే మన పనులైతే మధ్యరకము యంత్రము చాలును. వీడియోలు కూర్చేవారికి, భవనముల నక్షాలు గీసేవారికి, పెద్ద ఆటలు ఆడేవారికి మాత్రమే వేరుగా గ్రాఫిక్స్ చిప్ కావలసి ఉంటుంది. దానికి ధర ఎక్కువ, వేడి ఎక్కువ, బరువు ఎక్కువ.

తరువాత ర్యామ్. నేడు 8 జీబీకి తక్కువైనది కొనరాదు. నాలుగైదేళ్ళు వాడదలచినవారికి 16 జీబీ మంచిది. చాల కొత్త యంత్రములలో ర్యామ్‌ను పలకకే అతికించి వేస్తున్నారు. అటువంటిదానిలో తరువాత పెంచుకొనే వీలు లేదు. కాబట్టి “ఖాళీ స్లాటు ఉన్నదా?” అని ముందే అడగవలెను. నిలువకు ఎస్.ఎస్.డి.నే తీసికొనండి, 512 జీబీ ఒక కుటుంబమునకు సరిపోతుంది. పాత హార్డ్ డిస్కులో పళ్ళెము తిరుగుతుంటుంది; కుదుపు తగిలితే చెడే భయమున్నది. ఎస్.ఎస్.డి.లో కదిలే భాగము లేదు. ఇంట్లో మూలన పడిన పాత కంప్యూటరుకు ఎస్.ఎస్.డి. వేయించితే మరి రెండేళ్ళు హాయిగా పని చేసే అవకాశమూ ఉన్నది. కొత్తది కొనే ముందు ఆ ప్రయత్నము చేసి చూడడము మేలు.

ప్రాసెసరు విషయములో పలువురు పొరపడుతున్నారు. ఐ3 కంటే ఐ5 ఎప్పుడూ గొప్పదని అనుకోరాదు. అది ఏ తరమునకు చెందినదో చూడవలెను. 2022లో వచ్చిన పన్నెండవ తరము ఐ3, 2017 నాటి ఎనిమిదవ తరము ఐ5ను చాల పనులలో మించుతుంది. 2023 చివర నుండి ఇంటెల్ వారు పేర్లే మార్చి కోర్ అల్ట్రా అని కొత్త వరుస మొదలు పెట్టారు; ఏ.ఎం.డి. వారి రైజెన్‌లో వేరు లెక్క. పేరు గుర్తు పెట్టుకోవడము కష్టమైతే ఒక్క ప్రశ్న చాలును: “ఈ ప్రాసెసరు ఏ సంవత్సరములో వచ్చినది?”

దుకాణములోనే మూత తెరచి, అరపేజీ టైపు చేసి చూడండి. తెరను పక్కనుండి చూస్తే అక్షరములు వెలవెలబోతున్నవా? కీలు కంగారుగా ఊగుతున్నవా? బ్యాటరీ అరిగే సరుకు. మూడు నాలుగేళ్ళలో దాని బలము తగ్గుతుంది, కనుక మార్చడము సులభమేనా అని అడగండి. ఎల్లవేళలా ప్లగ్గులో ఉంచి వాడేవారు చార్జి 80 శాతము దగ్గర ఆగే ఏర్పాటు ఉంటే దానిని పెట్టుకోవలెను, ఆయుస్సు పెరుగుతుంది.

మహానగరముల వెలుపల ఉన్న మనవారు అన్నిటికంటె ముఖ్యముగా చూడవలసినది మరమ్మతు. సిరొంచలోనో పర్లాకిమిడిలోనో ఉన్నవారికి యంత్రము చెడితే దానిని ఏ ఊరికి మోయవలెను? యానాంవారు కాకినాడలో ఎవరి కేంద్రమున్నదో విచారించిన తరువాతనే కంపెనీని ఎంచుకోవలెను. తయారీదారుల వెబ్‌సైటులో పిన్‌కోడు కొడితే ఈ సంగతి తెలుస్తుంది. వారంటీలో రెండు రకములు: మనమే తీసికొనిపోవలసినది ఒకటి, పనివాడే ఇంటికి వచ్చేది మరొకటి. చిన్న ఊళ్ళవారు కొంచెము ఎక్కువ ఇచ్చి అయినా రెండవదే తీసికొనడము లాభము. కాఫీ ఒలికినా, చేయి జారి పడినా మామూలు వారంటీ వర్తించదు సుమా! జీఎస్‌టీ బిల్లును, యంత్రము సీరియల్ నంబరును భద్రపరచండి.

ఇక కాలముతో పాటు నడవడము. ప్రతి కొత్త సంగతి వెంటా పరుగెత్తనక్కరలేదు. మనలను కదలించే మార్పు ఒకటి, అంగడిని మాత్రమే కదలించే మార్పు ఒకటి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలు నిలిచిపోయినవి. ఇది మొదటి రకము. సవరణలు లేని యంత్రములో బ్యాంకు పనులు చేయరాదు. విండోస్ 11కు ఇంటెల్‌లో సుమారుగా ఎనిమిదవ తరము, ఆపైనవి కావలెను. అందుచేత కచేరీలు వదిలించుకొన్న పాత యంత్రములు చవకగా వస్తున్నవని ఆరవ, ఏడవ తరముల వాటిని కొని చిక్కులో పడవద్దు. ఇప్పటికే అటువంటివి ఉన్నవారు ఉచితముగా దొరికే ఉబుంటు, మింట్ వంటి లినక్సును వేయించుకోవచ్చును.

“కృత్రిమ మేధ లాప్‌టాప్” అనే ముద్ర రెండవ రకము. 2024లో మైక్రోసాఫ్ట్ వారు కోపైలట్ ప్లస్ అనే తరగతిని ప్రకటించి, సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ప్రత్యేక భాగము, 16 జీబీ ర్యామ్ ఉండవలెనని నియమించారు. మంచిదే. కాని ఉత్తరములు, లెక్కలు, పాఠములకు ఆ భాగము లేని లోటు కనిపించదు. కృత్రిమ మేధతో సంభాషించే సేవలు చాలవరకు ఇంటర్నెట్టు మీదనే నడుస్తున్నవి. వాటికి పాత యంత్రమూ చాలును.

కడపటిగా మన ఇండ్లకే చెందిన పరీక్ష ఒకటి. మన పిల్లలు తెలుగు మాట్లాడుతారు. బడిలో నేర్చిన లిపి మాత్రము కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో. తాతగారి ఉత్తరము చదువలేని మనుమలు ఇంటింటా పెరుగుతున్నారు. ఈ కొరతను తీర్చడములో లాప్‌టాప్ కొంత తోడ్పడగలదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ నుండి తెలుగు అందులోనే ఉన్నది. వేరే కొనవలసినది ఏదీ లేదు. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక భారతీయ లిపులన్నిటికీ ఒకటే. కన్నడములో ‘క’ ఏ కీ మీద ఉన్నదో తెలుగులోనూ ఆ కీ మీదనే. బడిలో కన్నడమో మరాఠీయో ఈ అమరికలో టైపు నేర్చిన పిల్లవాడి వ్రేళ్ళకు తెలుగు అప్పటికే సగము వచ్చినట్లే. ఒక జాగ్రత్త: పాత ముద్రణాలయముల ఫాంటులలో కూర్చిన ఫైళ్ళు, ఆ ఫాంటు లేని యంత్రములో అర్థము లేని గుర్తులుగా కనబడతాయి. యూనికోడులో వ్రాసినది మాత్రము ఎక్కడైనా తెలుగుగానే కనబడుతుంది. మన వ్రాతలన్నీ అందులోనే ఉంచండి.

ఎంత మంచి యంత్రమైనా ఒకనాటికి ఆగిపోతుంది. పెద్దల ఉత్తరములు, పెండ్లి శుభలేఖలు, భూమి పత్రములు, పాత ఫొటోలు – వీటి నకలు ఒకటి విడి డిస్కులో, మరొకటి వేరే ఊరిలోని బంధువుల ఇంట ఉండవలెను. యంత్రము పోతే మరొకటి కొనవచ్చును. అమ్మమ్మ చేతివ్రాతను ఏ అంగడిలో కొనగలము?

మీ ఊరిలో నమ్మకముగా మరమ్మతు చేసే పనివారున్నచో, మీరు వాడుతున్న యంత్రము ఎన్నేళ్ళు నిలిచినదో, మాకు వ్రాసి పంపండి. తోటి కుటుంబములకు ఉపయోగపడుతుంది.