అనకూడని మాట!

డబ్బాలో బియ్యం 'అయిపోయాయి' అనరు. 'నిండుకున్నాయి' అంటారు. దీపం ఆరదు, కొండెక్కుతుంది. గడప దాటేవాళ్లు 'వెళ్తా' అంటే పెద్దవాళ్లు ఊరుకోరు. 'వెళ్లొస్తా' అనాల్సిందే! దీపాలు పెట్టాక ఉప్పు పేరెత్తడమూ తప్పే. కృష్ణా జిల్లా ఇళ్లలో ఇవి ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు... వచ్చేస్తాయంతే.

ఆ ఉప్పు పేరే కొడుక్కి పెట్టుకున్నారు గోరా దంపతులు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన పెద్దబ్బాయి పేరు లవణం. గోరా అంటే గోపరాజు రామచంద్రరావు. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పేవారు. 'నాస్తికుడు' అనే మాట అప్పట్లో ఇంచుమించు తిట్టు. ఆ మాట పడ్డవాడికి పిల్లనివ్వడానికి కూడా వెనకాడేవారు. ఆయన దాన్నే ఏరికోరి తగిలించుకున్నారు. ఫలితం... ముందు కాకినాడలో, తర్వాత బందరులో కాలేజీ ఉద్యోగాలు పోయాయి. 1940లో ముదునూరులో సంస్థ పెడితే దాని పేరు కూడా నాస్తిక కేంద్రమే! 1947లో అది బెజవాడ పటమటకు మారింది.

కూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్లి అనుకున్నప్పుడూ పేచీ ఒక్క మాట దగ్గరే వచ్చింది. ప్రమాణంలో 'దేవుడు' ఉండకూడదన్నారు గోరా. ఆ చోట 'సత్యం' పెట్టడానికి గాంధీజీ ఒప్పుకున్నారు. 1948లో సేవాగ్రామ్‌లో పెళ్లి జరిగే నాటికి ఆయన లేరు.

ఇంకో కొడుకు డాక్టర్ సమరం. ఈయన ముట్టుకున్నవి మరీ గడుసు మాటలు. 'స్వాతి' వారపత్రికలో ఆయన జవాబుల పేజీని ఇంట్లో ఎవరూ చూడకుండా చదివినవాళ్లు ఎంతమందో! హస్తప్రయోగంతో నరాలు చచ్చుబడతాయని హడలిపోయి, లాడ్జిల్లో మకాం వేసిన 'వైద్యుల'కు డబ్బు పోసే కుర్రాళ్లకు అది జబ్బే కాదని చెప్పింది ఆ పేజీ. అక్కడో చమత్కారం ఉంది. అచ్చ తెలుగులో రాస్తే బూతు, సంస్కృతంలో రాస్తే వైద్యం! అందుకే ఆ ఉత్తరాలు రాసేవాళ్లకు నోరు తిరగని మాటలే దిక్కయ్యాయి. ఆ మాటలు కూడా తెలియనివాళ్లు 'అది' అని సరిపెట్టుకోవడమే. డాక్టరు ఎదుట కూర్చున్నా అంతే. 'అది' అంటే ఏ నొప్పో, ఎక్కడో డాక్టరే ఊహించుకోవాలి.

ఆడవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. నెలసరికి 'బయట చేరడం', 'దూరంగా ఉండటం' లాంటి చాటు మాటలే. మందుల షాపులో నాప్కిన్ల ప్యాకెట్ అడిగితే ఇప్పటికీ చాలాచోట్ల నల్ల కవర్లో పెట్టో, పాత పేపర్లో చుట్టో ఇస్తారు. ఆ చుట్టిన కాగితం ఏ ఆదివారం అనుబంధానిదో!