విలస రాగిరేకులను నాణేల్లా చదవాలి

రోముపై తిరగబడ్డ యూదులు క్రీ.శ. 66లోనే సొంత వెండి షెకెళ్లు ముద్రించారు. ‘పవిత్ర జెరూసలేం’ అని, తిరుగుబాటు ఎన్నో ఏడో వాటిమీద చెక్కారు. 132లో మళ్లీ తిరగబడ్డ యూదు నాయకుడు బార్ కోఖ్బా అనుచరులు మరో అడుగు ముందుకేసి, రోము నాణేలమీదే తమ ముద్ర కొట్టారు. చక్రవర్తి ముఖం చెరిగి, 70లోనే కూలిపోయిన దేవాలయం రూపం ఆ లోహంమీద మళ్లీ లేచింది. తిరుగుబాటుదారుకు కత్తి ఎంత అవసరమో, పాలించే హక్కు తనదని చాటే ముద్రా అంతే అవసరం. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి పడిపోయాక, ఢిల్లీపై తిరగబడ్డ ముసునూరి ప్రోలయ నాయకుడు మన కోనసీమలో చేసిన పని కూడా అదే. విలస గ్రామాన్ని వెన్నయకు దానమిస్తూ వేయించిన రాగిరేకులను కేవలం దానపత్రంగా చూడటం పొరపాటు.

నాణెం వేల చేతులు మారుతుంది, శాసనం ఒక ఇంట్లోనే ఉంటుంది కదా అనవచ్చు. నిజమే. కానీ ఊరి ఆదాయాన్ని వదులుకోగలిగినవాడే ఆ ఊరి ప్రభువు. ఆ సంగతి పన్ను కట్టే ప్రతి రైతుకూ తెలుస్తుంది. ఆ రాగిరేకుల్లో ఉన్నది ఆస్థానకవి పొగడ్తే అన్న అభ్యంతరమూ బలమైనదే. ఢిల్లీ పాలనలో పడిన బాధల వర్ణనను అక్షరాలా నమ్మనక్కర్లేదు. బార్ కోఖ్బా నాణెంమీది దేవాలయమూ అప్పటికి లేదు. అయినా తిరుగుబాటు ఏం కోరిందో ఆ బొమ్మే చెబుతుంది. పలివెల కొప్పేశ్వరాలయ శాసనాలు చూడటానికి వెళ్లే మన పిల్లలకు, ఇదే సీమలోని విలస కథను కూడా బడిలో చెప్పాలి, పొగడ్తను పొగడ్తగానే చూపిస్తూ.